సంక్లిష్ట నెట్‌వర్కుల పునరుద్ధరణ

సంక్లిష్ట నెట్‌వర్కుల పునరుద్ధరణ అనగా పరస్పరం ఆధారపడిన అనేక భాగాలతో కూడిన వ్యవస్థ కుప్పకూలిన తరువాత, దానిని మరల పనిచేసే స్థితికి తీసుకువచ్చే ప్రక్రియ. విద్యుత్ గ్రిడ్, టెలిఫోను, ఇంటర్నెట్, రైల్వే, మంచినీటి సరఫరా, గొలుసుకట్టు చెరువులు, జీవకణంలోని రసాయన చర్యలు మొదలైనవన్నీ నెట్‌వర్కులే. వీటన్నిటికీ ఒక సమాన లక్షణం ఉన్నది. పాడైన భాగాన్ని బాగుచేసినంత మాత్రాన వ్యవస్థ దానంతట అది తిరిగి పనిచేయదు. వైఫల్యానికి కారణమైనదానిని తొలగించడం ఒక పని. ఆగిపోయిన వ్యవస్థను మరల నడిపించడం మరొక పని. రెండవ పనికి ఇంకా ప్రాణమున్న ఒక ప్రారంభ స్థానం, సరియైన వరుసక్రమం, ముందస్తు సన్నాహం కావాలి.

హైదరాబాదు పశ్చిమ భాగంలోని శేరిలింగంపల్లి మండలంలో హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ ప్రాంతాలు ఉన్నాయి. ఇక్కడి సమాచార సాంకేతిక సంస్థలు విద్యుత్తు, ఇంటర్నెట్, నీరు, రవాణా అనే నాలుగు నెట్‌వర్కుల మీద ఏకకాలంలో ఆధారపడి ఉన్నాయి. ఒకదానికి అంతరాయం కలిగితే మిగిలినవి ఎట్లు ప్రభావితమవుతాయో, తిరిగి ఎట్లు కోలుకుంటాయో తెలుసుకొనుటకు ఈ ప్రాంతం, తెలుగు రాష్ట్రాలలోని ఇతర ప్రాంతాలు మంచి ఉదాహరణలను ఇస్తున్నాయి.

పదజాలం

నెట్‌వర్కులో రెండు రకాల అంశాలు ఉంటాయి. మొదటిది నోడు, అనగా కూడలి. రెండవది లింకు, అనగా కూడళ్ళను కలిపే బంధం. విద్యుత్ గ్రిడ్‌లో విద్యుత్కేంద్రాలు, ఉపకేంద్రాలు నోడులు. వాటిని కలిపే లైన్లు లింకులు. చెరువుల విషయంలో చెరువులు నోడులు; వాటి మధ్య వాగులు, కాలువలు లింకులు. భాగాల సంఖ్య ఎక్కువైనంత మాత్రాన నెట్‌వర్కు సంక్లిష్టం కాదు. ఒక భాగం స్థితి మారినప్పుడు దాని పొరుగు భాగాల స్థితి, వాటి ద్వారా దూరాన ఉన్న భాగాల స్థితి కూడా మారుతూ పోవడమే సంక్లిష్టత.

ఈ విషయంలో తరచుగా వినిపించే మరికొన్ని పదాలు:

* గొలుసుకట్టు వైఫల్యం: ఒక భాగం పడిపోవడం వలన దాని భారం ఇతర భాగాల మీద పడి, అవి కూడా ఒకదాని వెంట ఒకటి పడిపోవడం.
* ద్వీపీకరణ: ప్రమాద సమయంలో నెట్‌వర్కు నుండి ఒక భాగాన్ని విడదీసి, ద్వీపం వలె స్వతంత్రంగా నడపడం.
* బ్లాక్ స్టార్ట్: బయటి విద్యుత్తు ఏ మాత్రం లేని స్థితిలో విద్యుత్కేంద్రాన్ని స్వశక్తితో ప్రారంభించడం.
* ప్రత్యామ్నాయ మార్గం: ఒక లింకు తెగినప్పుడు అదే పనిని చేయగల మరొక లింకు.

వైఫల్యం వ్యాపించే తీరు

ఒక ఊరికి రెండు లైన్ల ద్వారా విద్యుత్తు వస్తున్నదనుకుందాం. ఒక లైను తెగితే ఆ భారమంతా రెండవ లైను మీద పడుతుంది. రెండవ లైనుకు అంత సామర్థ్యం లేకపోతే రక్షణ పరికరం దానిని కూడా ఆపివేస్తుంది. పరికరం తన పనిని సరిగానే చేసింది, అయినప్పటికీ ఊరు చీకటిలో మునిగింది. పెద్ద గ్రిడ్లలో ఇదే వరుస క్షణాలలో వందల కిలోమీటర్లు పాకుతుంది.

2000 సంవత్సరంలో రేకా ఆల్బర్ట్, హావూంగ్ జియాంగ్, ఆల్బర్ట్-లాస్లో బరబాసి అనే శాస్త్రవేత్తలు ఇటువంటి నెట్‌వర్కుల గురించి నేచర్ పత్రికలో ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రచురించారు. కొద్ది నోడులకు మాత్రమే చాలా ఎక్కువ లింకులు ఉండే నెట్‌వర్కులు యాదృచ్ఛిక లోపాలను బాగా తట్టుకుంటాయి. కాని ఆ కొద్ది పెద్ద కూడళ్ళే దెబ్బతింటే నెట్‌వర్కు త్వరగా ముక్కలవుతుంది.

ఒక నెట్‌వర్కు మరొక నెట్‌వర్కు మీద ఆధారపడినప్పుడు పరిస్థితి మరింత సున్నితమవుతుంది. 2003 సెప్టెంబరు 28న ఇటలీ దేశంలో విద్యుత్తు ఆగిపోయింది. విద్యుత్కేంద్రాలను నియంత్రించే కంప్యూటర్లకు విద్యుత్తు కావాలి. విద్యుత్కేంద్రాలు నడవడానికి ఆ కంప్యూటర్లు కావాలి. ఈ సంఘటనను ఉదాహరణగా తీసుకొని సెర్గీ బుల్దిరెవ్, ష్లోమో హావ్లిన్ మొదలైనవారు 2010లో నేచర్ పత్రికలో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. విడివిడిగా దృఢంగా ఉన్న రెండు నెట్‌వర్కులు ఒకదానిపై ఒకటి ఆధారపడినప్పుడు, కొద్దిపాటి నోడుల నష్టం కూడా రెండింటినీ హఠాత్తుగా కూల్చివేయగలదని వారు చూపారు.

బాగుచేసినా ఎందుకు పనిచేయదు?

పొయ్యిలో నిప్పు పూర్తిగా ఆరిపోయిన తరువాత ఎన్ని కట్టెలు పేర్చినా మంట రాదు. పూర్వం పల్లెలలో అగ్గిపెట్టె అందుబాటులో లేనప్పుడు పొరుగింటి నుండి ఒక నిప్పు కణిక తెచ్చి, చిన్న పుల్లలతో రాజేసి, ఆ తరువాత పెద్ద కట్టెలు వేసేవారు. మొదటనే పెద్ద కట్టెలు వేస్తే ఆ కణిక కూడా ఆరిపోయేది. సంక్లిష్ట నెట్‌వర్కుల పునరుద్ధరణకు ఈ ఉపమానం చాలా వరకు సరిపోతుంది.

శాస్త్రీయంగా చెప్పాలంటే, ఇటువంటి వ్యవస్థలకు ఒకే నిర్మాణంతో రెండు స్థిర స్థితులు ఉండవచ్చును. ఒకటి పనిచేసే స్థితి, రెండవది స్తంభించిన స్థితి. నోడులు, లింకులు అన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ వ్యవస్థ స్తంభించిన స్థితిలోనే నిలిచిపోవచ్చును, ఎందుకనగా ప్రతి నోడు తన పొరుగు నోడు ముందుగా మేల్కొనాలని ఎదురుచూస్తూ ఉంటుంది. కూలిపోయిన దారిలోనే వెనుకకు నడిచి మునుపటి స్థితికి చేరుకోలేకపోవడాన్ని భౌతికశాస్త్రంలో హిస్టెరిసిస్ అంటారు.

2022లో హిల్లెల్ సన్హెడ్రై, బరూక్ బర్జెల్ తదితరులు నేచర్ ఫిజిక్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన పునరుద్ధరణను రెండు దశలుగా విభజించింది. మొదటి దశలో తెగిన నిర్మాణాన్ని కొంతవరకు సరిచేయాలి. రెండవ దశలో కొద్ది నోడులను, కొన్ని సందర్భాలలో ఒకే ఒక్క నోడును, బలవంతంగా చైతన్య స్థితిలో నిలిపి ఉంచాలి. నెట్‌వర్కు నిర్మాణం అనుకూలంగా ఉంటే ఆ చైతన్యం పొరుగు నోడులకు, అక్కడి నుండి మొత్తం నెట్‌వర్కుకు వ్యాపిస్తుంది. నిర్మాణం మరీ బలహీనంగా ఉంటే ఆ ఒక్క నోడు మాత్రమే వెలిగి, మిగిలినవి చీకటిలోనే ఉంటాయి. అందుచేత ఎంత బాగుచేయాలి, ఎక్కడ రాజేయాలి అనే రెండు ప్రశ్నలకూ కలిపి సమాధానం వెదకాలి.

విద్యుత్ గ్రిడ్ పునరుద్ధరణ

పైన చెప్పిన సూత్రం గ్రంథాలలోకి ఎక్కక ముందే విద్యుత్ ఇంజనీర్లకు అనుభవం వలన తెలుసు. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రానికి నీటి పంపులు, గాలిని పంపే ఫ్యాన్లు, బొగ్గును పొడిచేసే మిల్లులు నడపడానికే గణనీయమైన విద్యుత్తు అవసరం. గ్రిడ్ మొత్తం ఆగిపోతే ఆ విద్యుత్తు ఎక్కడి నుండి వస్తుంది? విద్యుత్తు తయారుచేసే కేంద్రమే విద్యుత్తు కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

జలవిద్యుత్కేంద్రానికి ఈ ఇబ్బంది తక్కువ. జలాశయంలో నీరు ఉంటే చాలు. గేటు తెరవడానికి, నియంత్రణ పరికరాలను నడపడానికి కావలసిన స్వల్ప విద్యుత్తును ఒక డీజిల్ జనరేటరు ఇవ్వగలదు. అందుచేతనే కృష్ణానది మీది శ్రీశైలం, నాగార్జునసాగర్, తూర్పు కనుమలలోని సీలేరు, మాచ్‌ఖండ్ వంటి జలవిద్యుత్కేంద్రాలు వాటి ఉత్పత్తి సామర్థ్యానికి మించిన ప్రాముఖ్యం కలవి. గ్రిడ్ ఆరిపోయిన రోజున నిప్పు కణిక వంటివి ఇవే.

బ్లాక్ స్టార్ట్ సాధారణంగా ఈ క్రమంలో జరుగుతుంది:

# డీజిల్ జనరేటరుతో జలవిద్యుత్కేంద్రంలోని ఒక యూనిట్‌ను ప్రారంభిస్తారు.
# ఆ కేంద్రం నుండి దగ్గరి ఉపకేంద్రానికి లైనులో విద్యుత్తు ప్రవహింపజేస్తారు.
# సమీపంలోని చిన్న చిన్న భారాలను కొద్దికొద్దిగా కలుపుతారు.
# థర్మల్ కేంద్రాలకు ప్రారంభ విద్యుత్తును పంపుతారు.
# ఈ విధంగా వేరువేరు చోట్ల ఏర్పడిన విద్యుత్ ద్వీపాలను ఒకదానితో ఒకటి అనుసంధానిస్తారు.

ప్రతి అడుగులోను ప్రమాదం పొంచి ఉంటుంది. భారం లేని పొడవైన లైనుకు విద్యుత్తు ఇచ్చినప్పుడు దాని చివర వోల్టేజి మొదటికంటె పెరిగిపోతుంది. దీనిని ఫెరాంటీ ప్రభావం అంటారు. ఒక్కసారిగా పెద్ద భారం కలిపితే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుండి పడిపోయి, అప్పుడే లేచిన యూనిట్ మరల ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే వీధిలోని ప్రతి ఇంటిలో ఫ్రిజ్, ఏసీ, నీటి మోటారు ఒకేసారి మొదలవుతాయి. అందుచేత అంతరాయం తరువాత భారం మామూలు సమయంకంటె ఎక్కువగా ఉంటుంది. రెండు ద్వీపాలను కలిపేటప్పుడు వాటి వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, దశ సరిపోవాలి. సరిపోకపోతే యంత్రాలు దెబ్బతింటాయి.

2012 జూలై సంఘటనలు

2012 జూలై 30 తెల్లవారుజామున ఉత్తర ప్రాంతీయ గ్రిడ్ కుప్పకూలింది. సుమారు 36,000 మెగావాట్ల భారానికి సరఫరా ఆగిపోయింది. మరునాడు జూలై 31 మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతీయ గ్రిడ్లు మూడూ కుప్పకూలి సుమారు 48,000 మెగావాట్ల భారం చీకటిలో పడింది. ఈ మూడు ప్రాంతాలలో 60 కోట్లకు పైగా ప్రజలు నివసిస్తున్నారు. రైళ్ళు పట్టాల మీద ఆగిపోయాయి. తూర్పు భారతదేశంలోని బొగ్గు గనులలో లిఫ్టులు ఆగి కార్మికులు భూగర్భంలో చిక్కుకొని, తరువాత బయటపడ్డారు. రెండు సందర్భాలలోను గ్వాలియర్–బినా మధ్య 400 కిలోవోల్టుల లైను ఆగిపోవడంతో వైఫల్యం మొదలయినది. పునరుద్ధరణలో చెక్కుచెదరని పొరుగు గ్రిడ్ల నుండి తెచ్చిన విద్యుత్తు, జలవిద్యుత్కేంద్రాల బ్లాక్ స్టార్ట్ ముఖ్యపాత్ర వహించాయి.

ఆ రెండు రోజులలో దక్షిణ గ్రిడ్ నిలబడినది. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో ఏకముఖ విద్యుత్తు ద్వారా మాత్రమే కలిసి ఉండేది. ఒడిశాలోని తాల్చేరు నుండి కర్ణాటకలోని కోలారుకు వెళ్ళే లైను, విశాఖపట్నంలోని గాజువాక కేంద్రం, రామగుండం వైపు విద్యుత్తును పంపే మహారాష్ట్రలోని భద్రావతి కేంద్రం ఇందుకు సాధనాలు. ఇటువంటి లింకులో విద్యుత్తు ప్రవహిస్తుంది గాని, ఫ్రీక్వెన్సీ కల్లోలం ఆవలి నుండి ఈవలకు దాటదు. అయినప్పటికీ జూలై 31న తాల్చేరు నుండి రావలసిన సుమారు 2,000 మెగావాట్లు హఠాత్తుగా ఆగిపోవడం వలన దక్షిణాదిన ఫ్రీక్వెన్సీ పడిపోయింది. స్వయంచాలక రిలేలు కొన్ని భారాలను వెంటనే కోసివేసి మిగిలిన గ్రిడ్‌ను కాపాడాయి. కొందరికి కొంతసేపు కరెంటు పోయినది కాబట్టే దక్షిణాది మొత్తానికి పోలేదు.

దక్షిణ గ్రిడ్ అనుసంధానం

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో ఏకమయింది. నాటి నుండి భారతదేశమంతటా ఒకే ఫ్రీక్వెన్సీ. దీని వలన దక్షిణాదికి ఇతర ప్రాంతాల విద్యుత్తు విరివిగా అందే అవకాశం కలిగింది. ఆపద వచ్చినప్పుడు నిప్పు కణిక తెచ్చుకొనుటకు పొరుగిల్లు కూడా దొరికింది. అదే సమయంలో 2012లో అడ్డుగోడగా నిలిచిన వేర్పాటు పోయింది. అనుసంధానం బలమూ, బలహీనతా రెండూ అని దీని వలన తెలుస్తుంది. ఈ కారణంగానే హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలకు ద్వీపీకరణ పథకాలు రూపొందించారు. గ్రిడ్ కూలుతున్నదని గుర్తించిన వెంటనే నగరపు అత్యవసర భారాన్ని, దానికి సరిపడే ఉత్పత్తిని కలిపి విడదీయడం వీటి ఉద్దేశం.

నిప్పు కణిక వంటి కేంద్రానికి కూడా ఆపద రావచ్చును. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఇంజనీర్లతో సహా తొమ్మిది మంది మరణించారు. ఆరు యూనిట్లతో 900 మెగావాట్ల సామర్థ్యం గల ఈ కేంద్రంలో పనులు దశలవారీగా చేపట్టి యూనిట్లను ఒక్కొక్కటిగా తిరిగి నడిపించవలసి వచ్చింది. పునరుద్ధరణ సాధనం ఒక్కటే ఉండరాదని, అవి వేరువేరు చోట్ల ఉండాలని ఈ సంఘటన గుర్తుచేస్తున్నది.

హుద్‌హుద్ తుఫాను: నెట్‌వర్కుల పరస్పర ఆధారం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో విద్యుత్ స్తంభాలు పెద్ద ఎత్తున నేలకూలాయి. విమానాశ్రయ భవనం దెబ్బతిని కొన్ని రోజులు రాకపోకలు ఆగిపోయాయి. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది.

ఇక్కడ పునరుద్ధరణకు ఎదురైన చిక్కు విద్యుత్ నెట్‌వర్కుకు మాత్రమే సంబంధించినది కాదు. కరెంటు లేనందున సెల్ టవర్లు బ్యాటరీ ఉన్నంతసేపు పనిచేసి ఆగిపోయాయి. ఫోన్లు లేనందున ఎక్కడ ఏ లైను తెగినదో సమాచారం అందడం కష్టమయింది. టవర్ల జనరేటర్లకు డీజిల్ కావాలి. పెట్రోలు బంకులలో డీజిల్ తోడడానికి కరెంటు కావాలి. చెట్లు పడిన రోడ్ల మీదుగా స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు చేరవేయాలి. నీటి పంపులు ఆగినందున ప్రజలు తాగునీటికి ఇబ్బంది పడ్డారు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచితే గాని ఏ పని ముందుకు సాగదు. రోడ్లను తెరవడం, ఆసుపత్రులకు, నీటి పంపులకు ముందుగా సరఫరా ఇవ్వడం, ఇతర జిల్లాల నుండి, పొరుగు రాష్ట్రాల నుండి సిబ్బందిని, సామగ్రిని రప్పించడం ద్వారా పునరుద్ధరణ సాగింది.

తుఫాను తరువాత ప్రపంచ బ్యాంకు సహాయంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖపట్నం నగరంలో భూగర్భ విద్యుత్ కేబుళ్ళు వేయడం ఒక ముఖ్యాంశం. కేవలం పూర్వస్థితికి తేవడం కాకుండా మరుసటి తుఫానును తట్టుకునే విధంగా నిర్మించడం దీని లక్ష్యం.

శేరిలింగంపల్లి సమాచార సాంకేతిక ప్రాంతం

శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లాకు చెందిన మండలం. ఇక్కడి సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి.

ఒక సాధారణ కార్యాలయ భవనంలో విద్యుత్తు మూడు అంచెలుగా ఉంటుంది. గ్రిడ్ సరఫరా ఆగిన క్షణంలో యూపీఎస్ బ్యాటరీలు భారం స్వీకరిస్తాయి. కొద్ది సెకన్లలో డీజిల్ జనరేటర్లు మొదలై బ్యాటరీలకు విశ్రాంతినిస్తాయి. గ్రిడ్ సరఫరా వచ్చి నిలకడగా ఉన్నదని తేలిన తరువాతనే భారాన్ని తిరిగి దాని మీదికి మారుస్తారు. ఇది ఒక భవనం స్థాయిలో ద్వీపీకరణయే.

ఇంటర్నెట్ విషయంలో హైదరాబాదుకు సముద్రతీరం లేదు. విదేశాలకు వెళ్ళే సమాచారం నేల మీది ఆప్టికల్ ఫైబర్ ద్వారా ముంబై, చెన్నై వంటి తీర నగరాలకు చేరి, అక్కడి నుండి సముద్రగర్భ కేబుళ్ళలో ప్రయాణిస్తుంది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో రెండు సముద్రగర్భ కేబుళ్ళు తెగినప్పుడు భారతదేశం నుండి పడమరకు వెళ్ళే మార్గం బాగా కుంచించుకుపోయింది. మరమ్మతు నౌకలు కేబుళ్ళను అతికించేలోగా సమాచారాన్ని తూర్పు దిశగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా మళ్ళించారు. దారి దూరమై వేగం తగ్గినది గాని సంబంధం పూర్తిగా తెగలేదు. కేబులు అతకక ముందే పని కొంతవరకు పునరుద్ధరించబడింది.

2021 అక్టోబరు 4 రాత్రి భారతదేశంలో ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటల పాటు ఆగిపోయాయి. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక తప్పు ఆదేశం ఆ సంస్థ డేటా కేంద్రాలను కలిపే నెట్‌వర్కును తెంచివేసింది. లోపం ఏమిటో ఇంజనీర్లకు త్వరలోనే తెలిసింది. కాని దానిని సరిదిద్దే పరికరాలు కూడా అదే నెట్‌వర్కు మీద ఆధారపడినందున దూరం నుండి సరిచేయడం సాధ్యపడలేదు. ఇంజనీర్లు స్వయంగా డేటా కేంద్రాలకు వెళ్ళవలసి వచ్చింది. సరిచేసిన తరువాత కూడా సేవలన్నిటినీ ఒకేసారి తెరవకుండా క్రమంగా తెరిచారు. ఎదురుచూస్తున్న కోట్లాది ఫోన్లు ఒక్కుమ్మడిగా వచ్చిపడితే సర్వర్లు మరల కూలే ప్రమాదం ఉన్నది. గ్రిడ్‌లో భారాన్ని కొద్దికొద్దిగా కలపడం వంటిదే ఇది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన నవీకరణ వలన ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లు స్తంభించిపోయాయి. వీటి సంఖ్య సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. లోపంతో కూడిన ఫైలును ఆ సంస్థ సుమారు గంటన్నరలోపే ఉపసంహరించింది. అనగా కారణం తొలగిపోయింది. అయినను అప్పటికే స్తంభించిన కంప్యూటర్లు తమంతట తాము లేవలేదు. చాలా యంత్రాల వద్దకు మనిషి వెళ్ళి సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును తొలగించవలసి వచ్చింది. ఈ పని రోజుల తరబడి సాగింది. మరమ్మతుకు, పునరుద్ధరణకు మధ్య ఉన్న తేడాను ఇంత స్పష్టంగా చూపే సంఘటనలు అరుదు. ఆ రోజు విమానాలను కొంతవరకైనా నడిపినది చేతివ్రాత అనే పాత పద్ధతి. నెట్‌వర్కు మీద ఆధారపడని పద్ధతి ఒకటి సిబ్బందికి ఇంకా గుర్తుండడం ఇక్కడ ఉపకరించింది.

గొలుసుకట్టు చెరువులు

తెలంగాణలో చెరువులను ఒకదాని దిగువన మరొకటి ఉండేటట్లు గొలుసుకట్టుగా నిర్మించారు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగు ద్వారా కింది చెరువుకు చేరుతుంది. శేరిలింగంపల్లి ప్రాంతం కూడా ఇటువంటి చెరువులతో నిండినదే. హైటెక్ సిటీకి ఆనుకొని ఉన్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీరందించినది.

ఈ ఏర్పాటులో కట్టకు గండి పడితే దిగువ చెరువు మీద ఒక్కసారిగా భారం పడుతుంది. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుండపోత వర్షం కురిసింది. గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువుకు గండి పడి జాతీయ రహదారి కొట్టుకుపోయింది. పాతబస్తీ వైపున పల్లె చెరువు, కొద్ది రోజుల తరువాత గుర్రం చెరువు తెగి కాలనీలను ముంచెత్తాయి. నీరు నిలిచిన ప్రాంతాలలో ప్రమాద నివారణకై విద్యుత్తును నిలిపివేయవలసి వచ్చింది.

చెరువుల పునరుద్ధరణలో కూడా ఇదివరకు చెప్పిన సూత్రమే వర్తిస్తుంది. పూడిక తీసి, కట్ట బలపరచి, తూము బాగుచేసినంత మాత్రాన చెరువు నిండదు. నీరు వచ్చే కాలువ మధ్యలో కట్టడాలు ఉంటే బాగుచేసిన చెరువు ఎండియే ఉంటుంది. నీరు పోయే దారి మూసుకుపోతే అదే చెరువు ఊరిని ముంచుతుంది. నోడుతో పాటు లింకును కూడా పునరుద్ధరించాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన మిషన్ కాకతీయ పథకం చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశించినది. నగరంలో అయితే పూడికకంటె, చెరువుల మధ్య నాలాల ఆక్రమణ పెద్ద సమస్యగా ఉన్నది.

సాధారణ సూత్రాలు

పై ఉదాహరణల నుండి ఈ క్రింది సూత్రాలను గ్రహించవచ్చును:

* సజీవ కేంద్రం: మొత్తం ఆగిపోయినప్పుడు కూడా స్వశక్తితో లేవగల భాగం ఒకటి ముందుగానే గుర్తించి సిద్ధంగా ఉంచాలి.
* స్వతంత్ర సాధనాలు: పునరుద్ధరణకు వాడే ఫోను, డీజిల్, కంప్యూటరు, తాళంచెవి మొదలైనవి కూలిపోయే నెట్‌వర్కు మీదనే ఆధారపడి ఉండరాదు.
* వరుసక్రమం: ఇతర భాగాలను లేపగల భాగాలను ముందు లేపాలి. ఆసుపత్రులు, నీటి పంపులు, సమాచార వ్యవస్థలకు ప్రాధాన్యమివ్వాలి.
* మితం: భారాన్ని కొద్దికొద్దిగా కలపాలి. తొందరపాటు రెండవ వైఫల్యానికి దారితీస్తుంది.
* విభజన: అవసరమైనప్పుడు విడిపోయి, కుదుటపడిన తరువాత కలిసే విధంగా నెట్‌వర్కును నిర్మించాలి.
* అభ్యాసం: భారత విద్యుత్ గ్రిడ్ నియమావళి ప్రకారం బ్లాక్ స్టార్ట్ సన్నాహక పరీక్షలు క్రమం తప్పకుండా జరపాలి. ఎన్నడూ మొదలుపెట్టి చూడని డీజిల్ జనరేటరు అవసరమైన రోజున మొదలవుతుందని నమ్మడానికి లేదు.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో విద్యుత్తు మొత్తం ఆగిపోయినప్పుడు కూడా పునరుద్ధరణ ఇదే బాటలో సాగింది. ఫ్రాన్సు, మొరాకో గ్రిడ్ల నుండి విద్యుత్తు తెచ్చుకొని, జలవిద్యుత్కేంద్రాలను బ్లాక్ స్టార్ట్ చేసి, ద్వీపాలను కలుపుకుంటూ వెళ్ళి మరునాటి ఉదయానికి సరఫరాను దాదాపు పూర్తిగా పునరుద్ధరించారు.

పరిమితులు

సిద్ధాంత నమూనాలలో నోడులన్నీ ఒకే విధంగా ప్రవర్తిస్తాయని భావిస్తారు. వాస్తవంలో ప్రతి ఉపకేంద్రానికి, ప్రతి చెరువుకు తనదైన స్వభావం ఉంటుంది. ప్రత్యామ్నాయ మార్గాలు ఏర్పాటు చేయడం ఖర్చుతో కూడినది. మామూలు రోజులలో అవి వృథాగా కనిపిస్తాయి కాబట్టి వాటి కోసం నిధులు కేటాయించడం కష్టం.

ఎవరికి ముందుగా సరఫరా ఇవ్వాలన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. సొంత జనరేటరు ఉన్న కార్యాలయ భవనంలో గ్రిడ్ వైఫల్యం కొద్ది సెకన్లు మాత్రమే తెలుస్తుంది. దాని పక్కనే ఉన్న బస్తీలో అదే వైఫల్యం సరఫరా వచ్చేవరకు ఉంటుంది. పంపు నడవక నీరు కూడా రాదు. భారంలో ఎంత శాతం తిరిగి వచ్చిందో చెప్పే లెక్కలో ఈ తేడా కనిపించదు. అందుచేత పునరుద్ధరణ పూర్తయినదని చెప్పడానికి కొలమానం ఏమిటన్నది కూడా ఈ శాస్త్రంలో పరిశీలించవలసిన అంశమే.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ గ్రిడ్
* శ్రీశైలం ప్రాజెక్టు
* నాగార్జునసాగర్
* హుద్‌హుద్ తుఫాను
* శేరిలింగంపల్లి
* దుర్గం చెరువు
* మిషన్ కాకతీయ
* గ్రాఫ్ సిద్ధాంతం